తెల్లవారుజామున లగేజీతో దిగితే: వరంగల్‌లోనా, కాజీపేటలోనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మీ దంపతులు, అమ్మగారు, నాన్నగారు, మొత్తం నలుగురు ఒక పెళ్ళికి వస్తున్నారు. హోటల్ హనుమకొండ నక్కలగుట్టలో బుక్ చేసుకున్నారు. టికెట్ కాజీపేట వరకు తీశారు. రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతిసంచులు, ఒక మాడుగుల హల్వా అట్టపెట్టె ఉన్నాయి. రైలు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో చేరుతుంది. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. వరంగల్‌లో దిగాలా, కాజీపేటలో దిగాలా? అక్కడి నుంచి ఆటోనా, క్యాబా, బస్సా? మ్యాప్‌లో చూస్తే రెండు స్టేషన్లూ దగ్గరే అనిపిస్తున్నాయి, అందుకే అయోమయంగా ఉంది అన్నారు.

నేను హనుమకొండలోనే ఒక హోటల్ రిసెప్షన్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీలు ఎక్కువ చేశాను కాబట్టి రైలు దిగి నేరుగా వచ్చేవాళ్ళను రోజూ చూస్తుంటాను. తలుపు దగ్గర వాళ్ళ వాలకం చూస్తేనే ఏ స్టేషన్‌లో దిగారో, ఆటోవాడితో ఎంతసేపు గొడవపడ్డారో సగం అర్థమైపోతుంది.

సూటిగా చెప్పాలంటే వరంగల్‌లో దిగండి. టికెట్ మాత్రం కాజీపేట వరకే ఉంచుకోండి, మార్చకండి. బండి ముందురోజే మాట్లాడిపెట్టుకోండి. గది సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఈ మూడూ ఇంట్లో కూర్చుని తేలాల్సినవి. నిద్రమత్తులో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి తేల్చుకుందాం అనుకున్నారో, అక్కడ మీ తరఫున ఆటోవాళ్ళే తేల్చేస్తారు.

ముందు ఊరి సంగతి. బయటివాళ్ళకు ఇదంతా వరంగల్. మాకు మాత్రం మూడు ఊళ్ళు కలిసిపోయిన ఒక ఊరు. ఒక కొసన కాజీపేట, ఇంకో కొసన వరంగల్, నడుమ హనుమకొండ. రెండు స్టేషన్ల మధ్య రైలు దారిలో పది కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, వరంగల్ 142. రోడ్డు మీద అయితే కాజీపేట నుంచి ఫాతిమానగర్, నిట్ (ఇంజినీరింగ్ కాలేజీ), సుబేదారి, నక్కలగుట్ట, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ స్టేషన్‌కు వస్తారు. మంచి హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు చాలావరకు ఈ నడిమి ముక్కలో, అంటే హనుమకొండలోనే ఉన్నాయి. హనుమకొండలో మాత్రం రైల్వేస్టేషన్ లేదు. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

బుకింగ్ యాప్‌లు మూడు ఊళ్ళనూ వరంగల్ అనే చూపిస్తాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ జిల్లా అని పేరు మార్చాక, కొన్ని చోట్ల పాత పేరు, కొన్ని చోట్ల కొత్త పేరు కనిపిస్తూ ఇంకాస్త గందరగోళమైంది. ఇక్కడ మోసపోకుండా ఉండాలంటే హోటల్ చిరునామా చివరన పిన్‌కోడ్ చూడండి. 506001 అయితే హనుమకొండ. 506002 అయితే వరంగల్ పాత టౌన్, స్టేషన్ వైపు. 506003 అయితే కాజీపేట. 506004 నిట్ క్యాంపస్. 506009 అయితే కాకతీయ యూనివర్సిటీ, విద్యారణ్యపురి వైపు. హోటల్ పేరులో ఏ ఊరున్నా పట్టించుకోకండి, పిన్ చూసుకుంటే చాలు. 506002లో గది ఉన్నవాళ్ళు కాజీపేటలో దిగితే ఊరంతా చుట్టి రావాలి. నిట్‌లో పని ఉన్నవాళ్ళు వరంగల్‌లో దిగినా అదే గతి. నిట్‌కు కాజీపేట రెండు మూడు కిలోమీటర్లే.

అయితే ఏ స్టేషన్ కావాలో ఎంచుకునే వీలు అన్ని రైళ్ళలో ఉండదు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ వరంగల్‌లోనే ఆగుతుంది, కాజీపేటలో ఆగదు. నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్‌కు రాదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేట నుంచే ఉత్తరానికి తిరుగుతుంది, వరంగల్ ముఖం చూడదు. చెన్నై–ఢిల్లీ తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. కాజీపేట మూడు దారుల జంక్షన్ కాబట్టి ఇలా ఉంటుంది: సికింద్రాబాద్ వైపు ఒకటి, బల్లార్షా వైపు ఒకటి, వరంగల్ మీదుగా విజయవాడ వైపు ఒకటి. మీ గోదావరి ఎక్స్‌ప్రెస్ రెండు చోట్లా ఆగే బండి కాబట్టే మీకు ఈ ప్రశ్న వచ్చింది. అది మీ అదృష్టమే.

ఇక వరంగల్ ఎందుకన్నానో చెప్తాను. దూరం లెక్కన నక్కలగుట్టకు కాజీపేటే కొంచెం దగ్గర, ఒకటిరెండు కిలోమీటర్ల తేడా. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ తేడా బండిలో ఐదు నిమిషాలు కూడా కాదు. దానికంటే పెద్ద విషయం, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ముందు వచ్చేది వరంగల్. మీరు నిద్రలో ఉండి వరంగల్ దాటిపోయినా, పెట్టె దింపేలోపు రైలు కదిలినా, పది పదిహేను నిమిషాల్లో కాజీపేట వస్తుంది. టికెట్ అక్కడివరకు ఉంది కాబట్టి నింపాదిగా దిగవచ్చు. టికెట్ ఉన్న ఊరికంటే ముందే దిగితే ఎవరూ ఏమీ అనరు, దాటి వెళ్తేనే ఫైన్. అదే కాజీపేటలో దిగాలని కూర్చుని అది దాటిపోయిందంటే, ఆ రైలు మిమ్మల్ని ఎక్కడో సికింద్రాబాద్ దారిలో దింపుతుంది, ఇద్దరు పెద్దవాళ్ళతో, టికెట్ లేకుండా. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు నేను దీన్నే తిరగేసి చెప్తాను: టికెట్ వరంగల్ వరకు తీసుకోండి, కాజీపేటలో దిగండి. పది కిలోమీటర్లకు టికెట్‌లో తేడా ఉంటే గింటే కొద్దిపాటే.

ఇంకో కారణం స్టేషన్ బయటి వాతావరణం. వరంగల్ స్టేషన్ టౌన్ నడిబొడ్డున ఉంది. ఏ వేళప్పుడు బయటికి వచ్చినా ముందు ఆటోలు ఉంటాయి, నలుగురు మనుషులు ఉంటారు. అమృత్ భారత్ పథకం కింద బాగుచేసి 2025 మేలో మళ్ళీ ప్రారంభించాక లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా వచ్చాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి అదొక్కటి చాలు. కాజీపేట కూడా భయపడాల్సిన చోటేం కాదు, నిజాం కాలం నుంచీ రైల్వేవాళ్ళ ఊరు. కానీ ఆ వేళప్పుడు ముందుగా చెప్పిపెట్టిన బండి లేకుండా నలుగురు, అంత సామానుతో దిగడానికి నేనైతే వరంగల్‌కే ఓటేస్తాను. ఒకవేళ హోటల్‌వాళ్ళు "మా కారు కాజీపేటకు పంపుతాం" అని గట్టిగా మాటిస్తే అప్పుడు కాజీపేటే మేలు, అనుమానం అక్కర్లేదు.

రైల్లోంచి దిగే ఘట్టాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆగేది ఒకట్రెండు నిమిషాలే. అందుకే ఖమ్మం దాటాక ఒకరు మెలకువగా ఉండాలి, మహబూబాబాద్ దాటాక అందరూ లేవాలి. నెక్కొండ దాటిందంటే చెప్పులు వేసుకుని, దుప్పట్లు వదిలేసి, సామానంతా తలుపు దగ్గరికి చేర్చాలి. అలారం మీద నమ్మకం లేకపోతే రైల్వే నంబర్ 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు, స్టేషన్ రావడానికి కాస్త ముందు ఫోన్ వస్తుంది. రైలు ఎంత ఆలస్యంగా నడుస్తోందో ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకుంటూ ఉండండి. లేట్ అయితే పికప్ బండికి ఆ మాట చెప్పడం మర్చిపోకండి. పాపం, ఆ డ్రైవర్ కూడా నిద్ర మానుకుని వస్తాడు.

దిగే వరుస ఇలా పెట్టుకోండి. ముందు మీరు ఖాళీ చేతులతో దిగాలి. తర్వాత మీవిడ లోపలినుంచి సూట్‌కేసులు అందించాలి, ఆపైన అమ్మగారు, నాన్నగారు, చివర్న ఆవిడ. చాలా ఇళ్ళల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. పెద్దవాళ్ళను ముందు దింపేసి, మగవాళ్ళు సామాను కోసం మళ్ళీ పైకెక్కుతారు, ఈలోపు రైలు కదులుతుంది. ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరు పెద్దవాళ్ళు, రైల్లో ఇద్దరు చిన్నవాళ్ళు! అలా విడిపోయి కాజీపేట నుంచి ఆటోలో వెనక్కి పరుగెత్తి వచ్చినవాళ్ళు మా దగ్గర దిగిన సందర్భాలున్నాయి. ఇంకోమాట, రైలు స్టేషన్‌కు ముందుండే సిగ్నల్ దగ్గర, అంటే అవుటర్‌లో, ఆగడం ఇక్కడ మామూలే, ముఖ్యంగా కాజీపేట దగ్గర. చీకట్లో బయట లైట్లు కనిపించగానే వచ్చేసిందనుకొని దిగబోయేవాళ్ళుంటారు. కాలి కింద ప్లాట్‌ఫామ్ కనిపిస్తేనే దిగాలి.

కూలీ సంగతి. ఎర్రచొక్కా, చేతికి బిల్ల ఉన్నవాళ్ళనే పిలవండి. బరువును బట్టి రైల్వే నిర్ణయించిన రేట్లు ఉంటాయి, స్టేషన్‌లో బోర్డు మీద రాసి పెడతారు. ఏది ఏమైనా పెట్టె నెత్తికెత్తక ముందే "ఆటోదాకా, మొత్తం ఎంత?" అని తేల్చుకోండి. "చూసి ఇవ్వండి సార్" అన్నాడంటే అక్కడే ఆగి మళ్ళీ అడగండి. రెండు చక్రాల సూట్‌కేసులే అయితే లిఫ్టు ఉన్న చోట మీ అంతట మీరే లాక్కుపోవచ్చు. కానీ ఆ హల్వా పెట్టె చూస్తే కూలీని పెట్టుకోవడమే నయం అనిపిస్తోంది. ప్లాస్టిక్ తాడు కట్టిన అట్టపెట్టెను చేత్తో పట్టుకుని నడిస్తే పది అడుగులకే ఆ తాడు వేళ్ళను కోస్తుంది. తెచ్చేటట్టయితే గుడ్డసంచిలో పెట్టి తీసుకురండి. అమ్మగారు అసలు నడవలేకపోతే వీల్‌చైర్ ఉంటుంది, స్టేషన్ మేనేజర్ ఆఫీసులో అడగాలి. అయితే దిగాక ఒకరు వెళ్ళి అడిగి తెచ్చేదాకా మిగతావాళ్ళు ప్లాట్‌ఫామ్ మీద ఆగాలి, కాబట్టి కొంత టైమ్ పడుతుంది.

బయటికి రాగానే ఏం జరుగుతుందో చెప్తాను. గేటు దాటకముందే ఇద్దరు ముగ్గురు ఆటోవాళ్ళు "హన్మకొండ, హన్మకొండ, ఎక్కడ సార్?" అంటూ వెంటబడతారు. ఒకాయన అప్పుడే మీ సూట్‌కేస్ పిడి మీద చెయ్యి వేస్తాడు. దురుసుగా ఏమీ కాదు, గిరాకీ పక్కవాడికి పోకుండా అంతే. "ఉండన్నా, మా బండి వస్తోంది" అని నవ్వుతూ అంటే చాలు, వదిలేస్తారు. మాట్లాడుకోవాల్సి వస్తే మాత్రం మూడు ముక్కలు ఒకేసారి చెప్పండి: ఎంతమంది, ఎంత సామాను, ఎక్కడిదాకా. "నలుగురం, రెండు పెద్ద పెట్టెలు, నక్కలగుట్టలో హోటల్ గేటు లోపలికి, మొత్తం ఎంతన్నా?" అని అడగాలి. "నక్కలగుట్టకు ఎంత?" అని మాత్రమే అడిగితే ఒక రేటు చెప్తాడు, దిగాక "సామాన్ శాన ఉంది గద సార్" అని ఇంకోటి అడుగుతాడు. ఆయనదీ తప్పనలేం, మీరు చెప్పలేదు. రాత్రివేళ పగటికంటే ఎక్కువ అడగడం మామూలే, ఒక మేరకు న్యాయం కూడా. ఎంతవరకు న్యాయమో తెలియాలంటే ముందురోజు సాయంత్రం హోటల్‌కు ఫోన్ చేసి "తెల్లారుజామున స్టేషన్ నుంచి ఆటోకి ఎంత ఇస్తున్నారండీ ఇప్పుడు?" అని అడగండి. ఏ రిసెప్షన్‌లోనైనా ఆ లెక్క తెలుస్తుంది. ఆ అంకె చేతిలో ఉంటే బేరం రెండు మాటల్లో అయిపోతుంది.

కానీ మీ విషయంలో ఆటో నాకు నచ్చలేదు. మామూలు ఆటోలో పట్టేది ముగ్గురు. నలుగురు పెద్దవాళ్ళు, రెండు పెద్ద సూట్‌కేసులంటే ఒక ఆటో చాలదు, రెండు కావాలి. రెండు ఆటోలకు పెట్టే డబ్బుకు ఇంచుమించు ఒక కారు వస్తుంది. హోటల్‌లోనే కారు చెప్పించండి. డ్రైవర్ ఫోన్ నంబర్, బండి నంబర్ రాత్రి పడుకునే ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఓలా, ర్యాపిడో లాంటి యాప్‌లు ఇక్కడా ఉన్నాయి, పగటిపూట బాగానే పనికొస్తాయి. తెల్లవారుజామున మూడింటికి మాత్రం వాటినే నమ్ముకుని రావొద్దు. బుక్ అవుతుంది, రెండు నిమిషాలకు క్యాన్సిల్ అవుతుంది, మళ్ళీ వెతుకుతుంది. మీరు ఫోన్ వంక చూస్తుంటారు, అమ్మగారు పెట్టె మీద కూర్చుంటారు.

తప్పక రెండు ఆటోలే ఎక్కాల్సివస్తే మనుషులను, సామానును సరిగ్గా పంచుకోండి. ఒక్కో ఆటోలో చిన్నవాళ్ళలో ఒకరు, పెద్దవాళ్ళలో ఒకరు, ఒక ఫోన్, ఒక సూట్‌కేస్. సామానంతా ఒకదాంట్లో, మనుషులంతా ఒకదాంట్లో ఎప్పుడూ పెట్టొద్దు. ఎక్కే ముందు వెనక నంబర్ ప్లేట్ ఫోటో తీసుకోండి. పెద్ద పెట్టెను కాళ్ళ దగ్గర నిలువుగా పెట్టి మోకాళ్ళతో ఆపుకోవాలి. చిన్న సంచులను డ్రైవర్లు సీటు వెనకున్న ఖాళీలోకి తోసేస్తారు. జనం మర్చిపోయేది సరిగ్గా ఆ సంచినే! ఎదురుగా కనిపించే పెద్ద పెట్టెను ఎవరూ మర్చిపోరు. దిగి డబ్బులిచ్చి, ఆటో తిరిగి వెళ్ళిపోయాక, లిఫ్టులో పైకి వెళ్ళి, మందులు వేసుకుందామని వెతికితే అప్పుడు గుర్తొస్తుంది. ఆ నంబర్ ప్లేట్ ఫోటో అప్పుడే పనికొస్తుంది. అసలు మందులు, నగలు, ఫోన్ ఛార్జర్ ఉన్న సంచి సీటు వెనక్కి పోనే పోకూడదు, ఒళ్ళోనే ఉండాలి. పెళ్ళికి వస్తున్నారు కాబట్టి బంగారం ఉంటుంది, విడిగా చెప్పక్కర్లేదు.

బస్సు గురించి అడిగారు. వరంగల్ స్టేషన్ దగ్గర్నుంచి హనుమకొండ, కాజీపేట వైపు ఆర్టీసీ సిటీ బస్సులు పగలు బాగానే తిరుగుతాయి. ఒక్క బ్యాక్‌ప్యాక్‌తో వచ్చే కుర్రాడైతే అదే ఎక్కమంటాను, షేర్ ఆటో అయినా సరే. మీకు వద్దు. ఆడవాళ్ళకు టికెట్ ఉండదు కదా అని కొందరు ఆశపడతారు. ఆ మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ నుంచి ఉన్నమాట నిజమే కానీ, అది తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించినవాళ్ళకే. మీ అమ్మగారి ఆధార్ ఆంధ్ర చిరునామాతో ఉంటే జీరో టికెట్ కొట్టరు, మామూలు టికెట్ తీసుకోవాల్సిందే. దీని మీద కండక్టర్లతో వాదన పెట్టుకునే చుట్టాలను పెళ్ళిళ్ళ సీజన్‌లో చూస్తూనే ఉంటాం.

స్టేషన్ ఎంత ముఖ్యమో గది సంగతి కూడా అంతే ముఖ్యం. దీన్ని మాత్రం ఎవరూ అడగరు. మూడున్నరకు హోటల్‌కు చేరారు సరే, గది ఇస్తారా? ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. కొన్ని హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు వరకు ఒక రోజు. ఇంకొన్నిటిలో, ముఖ్యంగా లాడ్జిల్లో, మీరు రిజిస్టర్‌లో సంతకం పెట్టిన గడియ నుంచి 24 గంటలు. మొదటి పద్ధతిలో తెల్లవారుజామున దిగితే ఆ నాలుగు నిద్ర గంటల కోసం ముందురోజు అద్దె కూడా కట్టమంటారు, లేదా లాబీలో కూర్చోమంటారు. రెండో పద్ధతిలో లోపలికి వెంటనే వెళ్ళవచ్చు కానీ, ఖాళీ చేయాల్సిందీ అదే వేళకు. మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు ఎవరు ఖాళీ చేస్తారు? ఇంకో రోజు కట్టాల్సిందే. కాబట్టి ఫోన్ చేసినప్పుడు "చెక్ఇన్ ఎన్నింటికి?" అని మాత్రమే అడగకుండా, "మేము ఫలానా తేదీ తెల్లవారుజామున మూడున్నరకు వస్తాం, ఫలానా రోజు రాత్రి వెళ్తాం, మొత్తం ఎన్ని రోజుల అద్దె పడుతుంది?" అని అడగండి. తేదీ చెప్పేటప్పుడు జాగ్రత్త. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. "ఆదివారం రాత్రి వస్తున్నాం" అంటారు, నిజానికి దిగేది సోమవారం. యాప్‌లో సోమవారానికి బుక్ చేస్తే మధ్యాహ్నం పన్నెండు లెక్క పాటించే హోటల్‌లో మీ గది సోమవారం మధ్యాహ్నం మొదలవుతుంది. మా రిసెప్షన్‌లో తెల్లవారుజామున జరిగే వాదనల్లో సగం దీని మీదే.

అద్దె రెండు రోజులది కట్టడం ఇష్టం లేకపోతే ఒక మధ్యేమార్గం ఉంది. స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ దొరుకుతుందేమో ఐఆర్‌సీటీసీలో మీ పీఎన్ఆర్‌తో చూడండి. దొరికితే తెల్లారేదాకా అక్కడే పడుకుని, స్నానాలు చేసి, ఎండెక్కాక నింపాదిగా హోటల్‌కు రావచ్చు. లేదంటే వెయిటింగ్ హాల్‌లో ఐదున్నర, ఆరు దాకా కూర్చోవచ్చు, అప్పటికి ఆటోల రేట్లు కూడా దిగొస్తాయి. కానీ వయసు మళ్ళినవాళ్ళను రాత్రంతా రైలు ప్రయాణం చేయించి మళ్ళీ కుర్చీల్లో కూర్చోబెట్టడం నాకైతే మనసొప్పదు. ఒక పూట అద్దె పోతే పోయింది అనుకుని గదికి తీసుకురండి. పెద్దవాళ్ళందరి ఆధార్ ఒరిజినల్‌గా సూట్‌కేస్ అడుగున కాకుండా చేతిసంచిలో పైనే పెట్టుకోండి. మూడున్నరకు లాబీలో సూట్‌కేస్ విప్పి పట్టుచీరల కింద ఆధార్ కోసం వెతికే దృశ్యం వారానికి ఒకసారైనా చూస్తాను.

వానాకాలం అయితే ఒక జాగ్రత్త. వరంగల్ స్టేషన్ పక్కన పట్టాల కింద అండర్‌బ్రిడ్జి ఉంది. అవతల శివనగర్, ఖిలా వరంగల్ వైపు పోయే దారి అది. పెద్ద వాన పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. మీరు హనుమకొండ వైపు వస్తారు కాబట్టి ఆ దారితో పనిలేదు. కోట దగ్గర చుట్టాలింట్లో దిగేవాళ్ళు మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. అలాగే మేడారం జాతర ఏడాది అయితే, ఆ మాఘమాసపు వారం పది రోజులు నేను పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. గదులుండవు, ఆటోలుండవు, రోడ్డు ఉండదు. జాతర రెండేళ్ళకోసారి కాబట్టి మీ పెళ్ళి తేదీ దాని దగ్గర్లో పడిందేమో చూసుకోండి.

తిరుగు ప్రయాణం చాలామంది ఆలోచించరు. వెళ్ళేటప్పుడు టికెట్ మీద స్టేషన్ పేరు చదవండి. ఇంగ్లీషులో డబ్ల్యూ ఎల్ అని ఉంటే వరంగల్, కే జెడ్ జే అని ఉంటే కాజీపేట. ఒక పెద్దాయన, ఢిల్లీ టికెట్ కాజీపేట నుంచి ఉంటే, అలవాటుకొద్దీ వరంగల్ స్టేషన్‌కు ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌కు రాదని అక్కడ ఎంక్వైరీలో చెప్పాక, ఆ పొద్దున ట్రాఫిక్‌లో ఎంజీఎం దగ్గర్నుంచి కాజీపేట దాకా ఆయన పడిన టెన్షన్ మాకు తర్వాత ఫోన్‌లో చెప్పి నవ్వారు. ఆ రోజు మాత్రం నవ్వలేదట. సాయంత్రం వేళ హనుమకొండ చౌరస్తా నుంచి వరంగల్ వైపు గానీ, కాజీపేట దగ్గర రైల్వే బ్రిడ్జి వైపు గానీ వెళ్ళాలంటే రైలు టైమ్‌కు కనీసం గంట ముందు హోటల్ నుంచి బయల్దేరండి. వందే భారత్‌లో వెళ్తే ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. దాని తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. సాగనంపడానికి వచ్చినవాళ్ళు సామాను పెట్టి దిగుదామని లోపలికి ఎక్కితే, వాళ్ళూ మీతోపాటు ఖమ్మం దాకా రావాల్సిందే.

చివరి రోజు రామప్ప చూసి రాత్రి రైలెక్కుతాం అన్నారు. మంచి ఆలోచన. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు కానీ, ఆ గుడి ఉన్న పాలంపేట ఇక్కడి నుంచి 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటేసరికి తిరిగి రావచ్చు. లగేజీ కారు డిక్కీలో వేసుకుని తిరగొద్దు. పొద్దున్నే గది ఖాళీ చేసి, సూట్‌కేసులు హోటల్ లగేజీ రూమ్‌లో పెట్టమనండి. ఆ రోజు రాత్రిదాకా మామూలుగా ఎవరూ డబ్బులు అడగరు, అయినా ముందే కనుక్కోండి. పెట్టెలకు తాళాలు వేయండి, ఎన్ని పెట్టెలు పెట్టారో రిజిస్టర్‌లో రాయించండి. అదే పని స్టేషన్ క్లోక్‌రూమ్‌లో చేయాలనుకున్నా తాళం లేని బ్యాగు తీసుకోరు, రైలు టికెట్ కూడా చూపించాలి. రామప్ప నుంచి వచ్చాక హోటల్‌లో కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకోవడానికి ఒక అరగంట గది ఇస్తారేమో అడగండి. పెళ్ళికి అన్ని గదులు తీసుకున్నవాళ్ళ చుట్టాలని చెప్తే చాలాచోట్ల కాదనరు.